గోలీలాటకు బంగారు పతకమా?

“హాకీ లేదంట కదా అల్లుడా, నిజమేనా?” 2024 అక్టోబరులో ఒక రాత్రి ఆలూరు నుంచి ఫోను చేసిన మా మేనమామ, నేను అనంతపురంలో అన్నం తిన్నానో లేదో కూడా అడగకుండా వేసిన ప్రశ్న ఇది. నిజమేనని చెప్పాను. 2026 కామన్వెల్త్ క్రీడలను జరపవలసిన ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఖర్చు భరించలేమని 2023లో తప్పుకోవడం, ఆ తరువాత స్కాట్లాండులోని గ్లాస్గో నగరం చిన్న ఎత్తున జరుపుతామని ముందుకు రావడం, అలా కుదించిన పోటీల్లో పది ఆటలకే చోటు దక్కడం ఆయనకు వివరించాను. హాకీ, క్రికెట్, బ్యాడ్మింటన్, కుస్తీ, టేబుల్ టెన్నిస్, స్క్వాష్, అన్నీ పోయాయి. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆ గోలీలాట మాత్రం ఉంచినారంట” అని గట్టిగా నవ్వాడు.

ఆ నవ్వు వెనుక కథ తెలియాలంటే పద్నాలుగేళ్లు వెనక్కి పోవాలి. మా మామ జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ముప్పయ్యేళ్లకు పైగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, 2010లో పదవీ విరమణ చేశాడు. పిల్లలకు ఆయన డ్రిల్లు సారు. ఊళ్లకు ఊళ్లు తిరిగి ఆడపిల్లలకు ఖోఖో నేర్పిన మనిషి అంతర్జాతీయ పోటీ అనేదాన్ని ఒక్కసారైనా కళ్లారా చూడలేదన్న కొరత ఆయనకు ఉండేది. ఆ అక్టోబరులో ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు జరుగుతున్నాయని తెలిసి, గుంతకల్లులో అర్ధరాత్రి కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. వెంట జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, ఆయన పాత విజిలు. ఆ విజిలు ఎందుకని అడిగితే, మెడలో అది లేకపోతే మైదానంలో నిలబడబుద్ధి కాదన్నాడు.

ఆయన చూడాలనుకున్న హాకీకి మాకు టికెట్లు దొరకలేదు. దొరికినవి ఒక ఉదయం లాన్ బౌల్స్‌కు, ఒక సాయంత్రం అథ్లెటిక్స్‌కు. బౌల్స్ అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలియదు. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఆవరణలోనే ఆ పచ్చిక ఉంది. బల్లపరుపుగా, కత్తిరించిన చాపలా ఉన్న ఆ పచ్చిక మీద ఒక కొసన చిన్న బంతి ఉంచుతారు, దాన్ని జాక్ అంటారు. రెండో కొసన చిన్న చాప మీద నిలబడి, ఒక మోకాలు వంచి, కిలోన్నర బరువుండే పెద్ద బంతిని ఆ చిన్న బంతికి వీలైనంత దగ్గరగా దొర్లించాలి. ఎవరి బంతులు దగ్గరుంటే వాళ్లకు పాయింట్లు. అంతే. పరుగు లేదు, దూకుడు లేదు, అరుపు కూడా లేదు. గ్యాలరీలో మనుషులు పలచగా ఉన్నారు, ఎండ మాడ్చేస్తున్నది. మా మామ తువ్వాలు తల మీద వేసుకుని, “దీనికి బంగారు పతకమా? మా ఊరి రచ్చకట్ట దగ్గర గోలీలాడే పిల్లోళ్లను పిలుచుకొస్తే మూడూ మనవే కదప్పా” అన్నాడు.

నేనూ నవ్వాను. అయితే అరగంట గడిచాక మాకు ఒక విషయం కంటబడింది. బంతిని వాళ్లు జాక్ వైపు సూటిగా వదలడం లేదు, బాగా పక్కకు వదులుతున్నారు. అది ముప్పాతిక దూరం వరకు తప్పుదారిలోనే పోతుంది. వేగం తగ్గేకొద్దీ, ఎవరో పిలిచినట్లు, మెల్లగా లోపలికి తిరుగుతుంది. ఆగే ముందు ఆ వంపు ఇంకా పెరిగి, అడ్డంగా నిలిచిన ఎదుటివాళ్ల బంతిని చుట్టుకుని పోయి జాక్ పక్కన ఒదుగుతుంది. ఆ బంతి పూర్తి గుండ్రం కాదట, ఒక పక్కకు ఒరిగేటట్లు కావాలనే అలా చేస్తారని పక్క వరుసలో ఉన్న ఒక పెద్దాయన హిందీలో చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మా మామ కూర్చున్న తీరు మారింది. ముందుకు వంగి, బంతి చేతిలో నుంచి విడిపోగానే చూపుడువేలితో గాలిలో గీత గీసి, అది ఎక్కడ ఆగుతుందో ముందే చూపించసాగాడు. మొదట్లో అన్నీ తప్పాయి. పన్నెండు గంటలకు మూడింట రెండు సరిపోతున్నాయి. వంపు లెక్క తెలిసిందని మాత్రం ఒప్పుకోలేదు, బయటికి వస్తూ మళ్లీ గోలీలాటే అన్నాడు.

అక్టోబరు 11 సాయంత్రం సంగతి వేరు. మహిళల డిస్కస్ త్రో ఫైనల్. ఆ కిలో బరువు చక్రం గురించి మా మామకు ఎవరూ చెప్పనక్కరలేదు. అంచుకు ఇనుప పట్టీ ఉన్న కొయ్య చక్రంతో ఆయన ఎందరికో ఆ విద్య నేర్పాడు. రెండున్నర మీటర్ల వృత్తంలో, చుట్టూ వల కట్టిన పంజరం మధ్య, ఒక్కొక్కరు తిరుగుతుంటే ఈయన కుర్చీలో కూర్చునే భుజాలు తిప్పుతున్నాడు. కృష్ణ పూనియా 61.51 మీటర్లు విసిరి బంగారు పతకం గెలిచింది. హర్వంత్ కౌర్‌కు రజతం, సీమా అంతిల్‌కు కాంస్యం, మూడూ మనవే. 1958లో కార్డిఫ్‌లో మిల్ఖా సింగ్ గెలిచిన తరువాత కామన్వెల్త్ అథ్లెటిక్స్‌లో మనకు దక్కిన మొదటి బంగారం అది, అంటే 52 ఏళ్ల ఎదురుచూపు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. మా మామ విజిలు నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదలేకపోయాడు. కళ్లు తుడుచుకోవడానికి అదే తువ్వాలు.

తిరుగు ప్రయాణమంతా ఒకటే వాదన, ఏ ఆటకు అక్కడ చోటుండాలి, దేనికి ఉండకూడదు? మా మామ కొలత తేలికైనది. చెమట పట్టాలి, గెలుపు టేపుతోనో గడియారంతోనో తేలాలి. ఆ లెక్కన పరుగు, దూకుడు, విసురుడు, బరువు, కుస్తీ ఉంటాయి, బౌల్స్, షూటింగ్, విలువిద్య పోతాయి. విలువిద్య పోతే దీపికా కుమారి అక్కడే గెలిచిన బంగారం ఏమవుతుందని నేను అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. నా కొలత అప్పట్లో వేరేగా ఉండేది. ఏ ఆటకు ఆ పతకమే శిఖరమో ఆ ఆటే అక్కడ ఉండాలని నేననేవాడిని. ఢిల్లీలోనే కామన్వెల్త్ క్రీడల్లోకి మొదటిసారి టెన్నిస్ వచ్చింది. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ బంగారం గెలిచాడు, సంతోషమే. కానీ వింబుల్డన్ ఉన్న ఆటకు ఈ పతకం అదనపు నగే కదా అని నా వాదన. అదే నెలలో రఫెల్ నాదల్ మా అనంతపురానికి వచ్చి, గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో పల్లె పిల్లల కోసం టెన్నిస్ బడి తెరిచి వెళ్లాడు. టెన్నిస్ ఎవరి ఆట అన్న నా నమ్మకం ఆ ఒక్క పనితో కొంత సడలిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఇలాంటి వాదనలు కొత్తవేమీ కావు. ఒలింపిక్స్‌లో 1900 నుంచి 1920 దాకా తాడు లాగుడు ఉండేది. 1908 లండన్ పోటీల్లో లివర్‌పూల్ పోలీసులు బరువైన బూట్లతో వచ్చారని అమెరికా జట్టు గొడవ చేసిందని చెబితే మా మామ పడి పడి నవ్వాడు, ఎందుకంటే ఆయన బడిలో వార్షికోత్సవం నాడు ఏటా తాడు లాగుడులో చెప్పుల మీదే తగాదా వచ్చేదట. ప్రాచీన గ్రీసు నుంచి ఉన్న కుస్తీనే 2013 ఫిబ్రవరిలో తీసేద్దామని ఒలింపిక్ సంఘం కార్యవర్గం తీర్మానించి, ఆ సెప్టెంబరులో మళ్లీ చేర్చుకున్నది. పారిస్‌లో 2024లో బ్రేకింగ్ అనే నాట్యపు పోటీ వచ్చింది, 2028 లాస్ ఏంజెలెస్‌కు అది లేదు.

తీసేసినప్పుడు నష్టపోయేది ఆట కాదు, ఆ ఏడేళ్లో ఎనిమిదేళ్లో మాత్రమే ఆడగలిగిన మనిషి. కరణం మల్లీశ్వరిని తీసుకోండి. 1994లో, 1995లో ఆమె ప్రపంచ ఛాంపియన్. ఆ బలం ఉచ్ఛస్థితిలో ఉన్న రోజుల్లో, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో, మహిళల వెయిట్‌లిఫ్టింగ్ అనేదే లేదు. అది మొదటిసారి 2000లో సిడ్నీలో వచ్చింది. అప్పటికి 69 కిలోల విభాగానికి మారిన ఆమె మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. ఇంకో నాలుగేళ్లు ఆలస్యం చేసి ఉంటే? మేరీకోమ్‌ది కూడా అదే కథ. మహిళల బాక్సింగ్‌ను 2012లో చేర్చుకునే నాటికి ఆమె ఐదుసార్లు ప్రపంచ విజేత, ఇద్దరు పిల్లల తల్లి. ఏ గదిలోనో ఎవరో కూర్చుని రాసే జాబితాకు, ఒక మనిషి కండల్లో బలం ఉండే కాలానికి పొంతన ఉండదు. ఈ మాట చెప్పినప్పుడు మా మామ వాదించలేదు. ఆయన దగ్గర ఖోఖో ఆడిన పిల్లలు గుర్తొచ్చారేమో.

ఆయన వాదన మరో దారిలో వచ్చింది. మా అమ్మమ్మగారి ఊరి రచ్చకట్ట దగ్గర నల్లటి రాతి గుండు ఒకటి ఉండేది. పండగనాడు వయసు పిల్లలు దాన్ని మోకాళ్ల మీదికి, అక్కడి నుంచి రొమ్ము మీదికి, ఆ పైన భుజం మీదికి ఎత్తి వెనక్కి పడేసేవారు. బండి ఇరుసు ఎత్తే పందెం ఇంకో ముచ్చట. “అది ఆట కాదా? అదెందుకు లేదు?” అని ఆయన అడిగేవాడు. వెయిట్‌లిఫ్టింగ్‌లో బరువులు తగిలించే బార్, కర్నూలులో అయినా కజకిస్తాన్‌లో అయినా, మగవాళ్లది ఇరవై కిలోలే, ఆడవాళ్లది పదిహేను కిలోలే, మన గుండు మాత్రం ఊరికొక బరువు, ఒక నునుపు అని నేను చెప్పాను. ఎక్కడ ఎత్తినా ఒకే లెక్క రావాలి, లేకపోతే పోటీ లేదు. ఆయన ఆలోచించి, “నిజమే అల్లుడా, మన గుండును వాళ్ల ఊరికి ఎవడు మోస్తాడు?” అన్నాడు. ఖోఖో ఆ పని చేసుకున్నది. మట్టి వదిలి మ్యాట్ మీదికి ఎక్కి, 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ప్రపంచ కప్పు జరుపుకున్నది. రెండు కప్పులూ మనవే. మా మామ మాత్రం, దుమ్ము లేవని ఖోఖో ఏమి ఖోఖో అని సణిగాడు.

మనవాళ్లు అన్నీ గెలవడం ఆయనకు అంతగా నచ్చకపోవడానికి వేరే కారణం ఉంది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ చేరినప్పటి నుంచి 2014 దాకా పురుషుల బంగారం ప్రతిసారీ మనదే. 2018 జకార్తాలో ఇరాన్ చేతిలో సెమీఫైనల్లో ఓడిపోయాం. ఊరంతా తిట్టుకుంటుంటే, “ఇప్పుడు అది నిజంగా ఆసియా ఆట అయింది” అన్నవాడు ఆయన ఒక్కడే. నాకు ఆ రోజు ఆయన మీద గౌరవం పెరిగింది.

బౌల్స్ విషయంలో మాత్రం ఆయనదీ లోకం దారే. 2022 ఆగస్టు 2న బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోని సైకియా, రూపారాణి టిర్కీ దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి బంగారం గెలిచినప్పుడు, పొద్దున్నుంచి టీవీ ముందు కూర్చున్నది ఆయనే. ఫోను చేసి, నాలుగో అమ్మాయి వదిలిన బంతి ఎట్లా వంపు తిరిగిందో పది నిమిషాలు వర్ణించాడు. పన్నెండేళ్ల కిందట గోలీలాట అన్నది ఎవరని అడిగాను. “అప్పుడు మనోళ్లు గెలవలేదు కదా” అన్నాడు, సిగ్గు లేకుండా. అవే పోటీల నుంచి షూటింగ్‌ను తీసేశారని మన దేశం బహిష్కరిస్తామని బెదిరించిన సంగతి గుర్తు చేశాను. మనం గెలిచేది ఆట, గెలవనిది తమాషా అనే ఈ కొలత ఒక్క మా మామది కాదు. నాది కూడా, లోలోపల.

అందుకే నేను ఇప్పుడు వేరే తూకం పెట్టుకున్నాను. 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి 128 ఏళ్ల తరువాత క్రికెట్ తిరిగి వస్తున్నది, పురుషులకు ఆరు జట్లు, మహిళలకు ఆరు జట్లు, ఇరవై ఓవర్ల ఆట. 1900లో పారిస్‌లో ఇంగ్లండు జట్టుకు, ఫ్రాన్సు జట్టుకు మధ్య జరిగినది ఒకే ఒక్క మ్యాచ్. క్రికెట్ రాకను నేను వ్యతిరేకించను, కడప జిల్లా నుంచి శ్రీచరణి వెళ్లి ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఆడిన కాలంలో ఎట్లా వ్యతిరేకిస్తాను? కానీ ఒలింపిక్స్‌లో క్రికెట్ లేకపోయినా ఆమె ఆటను జనం చూస్తారు. డిస్కస్ విసిరే అమ్మాయిని, బౌల్స్ దొర్లించే అమ్మాయిని, ఈ ఊరి హాకీ మైదానంలో పొద్దున్నే ఆరింటికి స్టిక్కు పట్టుకుని పరుగెత్తే పిల్లను జనం చూసేది నాలుగేళ్లకు ఒక్కసారే. చోటు ముందు వాళ్లకే ఉండాలి. ఆ లెక్కన గ్లాస్గో వాళ్లు హాకీని వదిలేయడం తప్పు, బౌల్స్‌ను ఉంచడం తప్పు కాదు. ఈ మాట మామతో చెప్పడానికి నాకు పద్నాలుగేళ్లు పట్టింది.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాదుకు ఖాయమైన రాత్రి మళ్లీ ఫోను వచ్చింది. అప్పటికి తనకు డెబ్బై ఎనిమిదేళ్లు వస్తాయని, మోకాళ్లు బాగానే ఉన్నాయని, హాకీకి టికెట్లు మొదటిరోజే తీయమని చెప్పాడు.

“ఈసారి కూడా దొరక్కపోతే మామా?”

“దొరక్కపోతే ఆ గోలీలాటకే తీయి. గొడుగు మాత్రం నువ్వు తీసుకురా.”