బండిలో కాపురం ఎవరికి పడుతుంది?

మేం బండిలో కాపురం పెట్టి ఏడాది దాటింది. పాత ట్రావెలర్ వ్యాను ఒకటి కొని, సీట్లు తీయించి, మంచం, పొయ్యిగట్టు, అగ్గిపెట్టంత బాత్రూం పెట్టించుకున్నాం. (సీట్లు తీసి మంచం వేస్తే ఆర్టీవో ఆఫీసులో చెప్పి ఆర్సీలో మార్పించుకోవాలి, లేకపోతే ఇన్సూరెన్సు దగ్గర ఇరుక్కుంటారు.) విజయనగరం దగ్గర అమ్మానాన్నల ఇల్లు ఉంది, ఆధార్ కార్డులో అడ్రసు అదే. తెలిసినవాళ్లంతా అడిగేది ఒకటే: ఎంతయింది, మైలేజీ ఎంత. ఎలాంటి మనిషికి ఇది పడుతుందని ఒక్కరూ అడగరు.

తిరుగుడంటే పిచ్చి ఉంటే చాలు అనుకునే నేనూ దిగాను. మా నాన్న 26 ఏళ్లు కలకత్తా–మద్రాసు రోడ్డు మీద లారీ నడిపాడు. బండి తయారయ్యాక ఎక్కించి చూపిస్తే మంచం చూడలేదు, సోలార్ పలకలు చూడలేదు, "టార్చిలైటు ఎక్కడెట్టినావు?" అన్నాడు. ఇక్కడే ఎక్కడో ఉంటుంది అన్నాను. "ఇంట్లో ఉన్నోడికి కుదురు నేకపోయినా ఇల్లు కదలదురా. తిరిగీవోడికే కుదురుండాల" అని తలుపు పక్కన మేకు కొట్టి టార్చి తగిలించి దిగిపోయాడు. అప్పుడు నవ్వుకున్నాను గానీ మూడు నెలలు తిరిగేసరికి అర్థమైంది, ఇది దేశదిమ్మరి పని కాదు, తీసిన గిన్నె తీసిన చోటే పెట్టే మనిషి పని. ఒక్క సీసా మూత సరిగ్గా బిగించలేదంటే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే మంచమంతా ఆవకాయ నూనె.

రిపేర్లు రావాలా అంటే, మెకానిక్ అయి ఉండక్కర్లేదు. టెస్టరు, మల్టీమీటరు పట్టుకోవడం, ఫ్యూజు మార్చడం, పైపు జాయింటుకి టెఫ్లాన్ టేపు చుట్టడం, స్టెప్నీ వేయడం వస్తే చాలావరకు గడుస్తుంది. వాటికంటే ముఖ్యం ఓపిగ్గా వెతకడం. జూలైలో కళింగపట్నం దగ్గర ఉన్నప్పుడు వానకి దిండు మీద చుక్కలు పడడం మొదలైంది. పైకప్పు ఫ్యాను చుట్టూ నేను మూడుసార్లు సిలికాన్ పూశాను, చుక్క ఆగలేదు. మా ఆవిడ లోపలి సీలింగ్ పలక విప్పించి, రేకు బాగా ఆరాక దాని లోపలివైపంతా సుద్దముక్కతో రుద్దింది. నన్ను పైకెక్కించి, ఒక్కో చోట ఒక్కో చెంబు నీళ్లు, నెమ్మదిగా పొయ్యమంది. ఫ్యాను దగ్గర పోస్తే ఏమీ లేదు. వెనక్కి జరిగి సోలార్ స్టాండు దగ్గర పోసేసరికి లోపల్నుంచి కేక. సుద్ద మీద సన్నటి గీత, బోల్టు దగ్గర మొదలై రేకు వంపు వెంట జారి సరిగ్గా దిండు పైకి వచ్చి ఆగింది. ఆ బోల్టు నేనే బిగించాను కాబట్టి దాన్ని అనుమానించలేదు!

లెక్క రావాలి. మా బ్యాటరీ 12 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు, అంటే సుమారు రెండున్నర యూనిట్లు. ఇండక్షన్ పొయ్యి ఫుల్లో పెడితే గంటన్నర కూడా రాదు, అందుకే వంటకి 5 కిలోల గ్యాసు బండే. ఏసీ మాట మర్చిపోండి, మే నెలలో మేం అరకు ఎక్కేస్తాం. నీళ్ల ట్యాంకు 120 లీటర్లు, అంటే 120 కిలోలు, ఇద్దరం రోజుకి 30 లీటర్లతో సరిపెట్టుకుంటే నాలుగు రోజులు. ఇంట్లో షవరు కింద పాటలు పాడుకునేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

మా పిన్ని కొడుకు అమెరికాలో ఇలాగే ఆర్వీలో (ఇల్లులా కట్టిన బండిని అక్కడ అలా అంటారు) ఉంటాడు. అక్కడ ఈ బండ్లు ఆపుకునే పార్కులుంటాయి, డబ్బు కడితే కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం మూడూ ఒకే చోట తగిలించుకోవచ్చు, పడమటి రాష్ట్రాల్లో ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 14 రోజుల దాకా ఊరికే ఆగొచ్చు. మనకి అవేవీ లేవు కాబట్టి నోరు ఉండాలి. మోటారు దగ్గర నీళ్లు, బడి పక్కన చోటు, టాయిలెట్ డబ్బా ఖాళీ చేసుకోడానికి ఎవరిదో సెప్టిక్ ట్యాంకు, అన్నీ అడిగి తెచ్చుకునేవే. ఈ ఆఖరిది అడగడానికి నాకు ఇప్పటికీ మొహమాటమే.

ఊళ్లోవాళ్లు వచ్చి పలకరిస్తే మాట్లాడే ఓపిక కూడా ఉండాలి. ఉద్దానంలో కవిటి దగ్గర నీడ బాగుందని కొబ్బరిచెట్టు కింద బండి పెట్టాను. ఓ ముసలమ్మ వచ్చి "ఏటి బాబూ, నెత్తి మీద కాయ పడిపోతే ఏటవుతాది? తియ్యి తియ్యి" అని దగ్గరుండి తీయించింది. 2018లో తిత్లీ తుపానుకి ఈ తోటలన్నీ ఎలా నేలకొరిగాయో, తమ చెట్లు ఎన్ని పోయాయో చెబుతూ గంటసేపు కూర్చుంది. ఇంకో ఊళ్లో తెల్ల వ్యాను చూసి 104 బండి అనుకుని ముగ్గురు పెద్దవాళ్లు బీపీ మాత్రల అట్టలు పట్టుకుని వచ్చి తలుపు ముందు కూర్చున్నారు. "డాక్టరు బాబు రానేదేటి?" అని అడిగితే కాదని చెప్పడానికి ప్రాణం ఒప్పలేదు, టీ పెట్టి ఇచ్చాం. తలుపు తట్టితే చిరాకుపడే స్వభావమైతే దయచేసి ఫ్లాటే కొనుక్కోండి.

మొగుడూపెళ్లాల గొడవల గురించి క్లుప్తంగా చెబుతాను, ఆవిడా ఇది చదువుతుంది. విసురుగా వెళ్లిపోదామంటే వేరే గది లేదు. కోపం వచ్చినవాళ్లు డ్రైవర్ సీట్లో కూర్చోవాలని ఒప్పందం చేసుకున్నాం. ఆ సీటు నాకు బాగా అలవాటైంది.

నిజంగా సరదా ఉంటే బండి కొనేముందు ఇంట్లోనే ఒక వారం చూసుకోండి. ఒకటే గది, అందులోనే వంట, అందులోనే పడక, ఇద్దరికీ కలిపి పొద్దున్నే డ్రమ్ములో పట్టుకున్న 30 లీటర్ల నీళ్లు, కుళాయి ముట్టుకోకూడదు. వానాకాలంలో అయితే ఇంకా మంచిది, బట్టలు ఆరవు. మా బావమరిది ఎంతో హుషారుగా మొదలుపెట్టి రెండోరోజు మధ్యాహ్నానికే మోటారు స్విచ్ వేసేశాడు.