అంబాసిడర్ పైకప్పును మూడు అంగుళాలు దించిన నా అనుభవం

రాయగడలోని మా షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న మార్క్ 4 అంబాసిడర్‌ను, పైకప్పు కోసి ఎత్తు తగ్గించి, అమెరికాలో పాత కార్లను మార్చి తయారుచేసే హాట్ రాడ్‌ల తీరులో మలచాలని నేను సంకల్పించినప్పుడు, ఈ పనికి అంబాసిడరే ఎందుకని తెలిసినవారందరూ అడిగారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1957లో మొదలై 2014 వరకు తయారైన ఆ కారు ఎత్తు సుమారు 1,600 మిల్లీమీటర్లు. దాని గుండ్రటి పైకప్పులోను, బలిసిన ఒంటిలోను 1949 నాటి అమెరికా కారు మెర్క్యురీ పోలికలు నాకు స్పష్టంగా కనిపిస్తాయి. కాలిఫోర్నియాలో ఎండిన సరస్సుల మీద కారు పందేలు నడిపినవారు గాలి అడ్డును తగ్గించుకోవడానికి చేపట్టిన ఈ పైకప్పు దించే పద్ధతిని, యుద్ధం తరువాత బారిస్ సోదరుల వంటి పనివారు మెర్క్యురీల మీద అందం కోసం ప్రయోగించారు. ఆ ఫోటోలు చూసిన నాటి నుంచి మన అంబాసిడర్‌ను సన్నటి కిటికీలతో చూడాలన్న కోరిక నన్ను వదలలేదు.

అయితే గ్రైండర్ పట్టుకునే ముందు చట్టం సంగతి తేల్చుకోవాలి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిని స్పష్టం చేసింది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ గుర్తింపు దక్కాలంటే ఛాసిస్‌లో (బండి కింది చట్రంలో) గాని, బాడీలో గాని, ఇంజిన్‌లో గాని పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదు. కనుక చెక్కుచెదరని మార్క్ 1, మార్క్ 2 కార్లను కోస్తామనేవారికి వద్దనే చెబుతాను. నా బండి అటువంటిది కాదు. రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, ఇక రోడ్డు మీద నడపకుండా ప్రదర్శనలకు లారీ మీదే తీసుకెళ్లాలని నిశ్చయించుకున్న తరువాతే పని మొదలుపెట్టాను.

అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు. బరువును మోసేది బాడీయే. పైకప్పు తీసిన మరుక్షణం డోర్ల ఖాళీలు విచ్చుకుని, బండి నడుము దగ్గర కుంగే ప్రమాదం ఉంది. తుప్పు పట్టిన నేల రేకును ముందే మార్పించి, లోపల అడ్డంగాను, ఐమూలగాను చదరపు ఇనుప పైపులు వెల్డింగ్ చేయించాను. ఆ పైపులన్నీ కొత్త పైకప్పు ఎత్తుకు లోపలే ఉండేలా చూసుకోవాలి. జీవితమంతా డెంటింగ్‌లోనే గడిపిన మా మేస్త్రిగారు, "బాబూ, కొయ్యడానికి ఒక పూట కూడా పట్టదు. కోసింది కదలకుండా నిలబెట్టాలి, అదీ పని" అన్నారు. పని ముగిసేదాకా నేను పట్టుకుని నడిచింది ఆ మాటనే.

బండిని నాలుగు స్టాండ్ల మీద నిలిపి, తాపీ మేస్త్రులు వాడే నీళ్ల పైపుతో మట్టం చూసుకుని, పైకప్పును మోసే ప్రతి పిల్లర్ మీద మాస్కింగ్ టేపు అంటించి గీతలు గీశాము. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ముందు పిల్లర్లు వెనక్కి వాలి ఉంటాయి, వెనుకవి ముందుకు వాలి ఉంటాయి. మూడు అంగుళాల ముక్క తీసి పైకప్పును నిట్టనిలువుగా దించితే, ముందు పిల్లర్ పై భాగం కింది మోడు మీద కూర్చోదు. దానికి వెనుకగా పడుతుంది. వాలు నిలువు నుంచి 35 డిగ్రీలు అనుకుంటే రెండు అంగుళాలకు పైగా తేడా వస్తుంది. వెనుక వైపున ఇదే తేడా తలకిందులుగా ఎదురవుతుంది. పిల్లర్లను మరింత వాల్చి సరిపెట్టవచ్చు గాని, అలా చేస్తే ముందు అద్దం ఆకారమే మారిపోతుంది. అందుకని పైకప్పును అడ్డంగా రెండుగా కోసి, ముందు భాగాన్ని ముందుకు, వెనుక భాగాన్ని వెనక్కి జరిపి, మధ్య ఖాళీలో కొత్త రేకు వేశాము. ఆ పట్టీ చదునుగా ఉంటే ఎంత పుట్టీ పెట్టినా కంటికి దొరికిపోతుంది. మేస్త్రిగారు దానిని ఇసుక సంచి మీద వేసి, చెక్కసుత్తితో అంచుల నుంచి నడిమికి నెమ్మదిగా కొడుతూ, మధ్యమధ్య కళ్లు మూసుకుని అరచేతితో తడిమి చూస్తూ వంపు తెచ్చారు. నేను పక్కనే నిలబడి చూసి కూడా, ఆ చేతికి తెలిసినది నా కంటికి అందలేదు.

పిల్లర్లలో లోపలి రేకును ఒక ఎత్తులోను, బయటి రేకును మరో ఎత్తులోను కోస్తే అతుకులు ఒకేచోట పడవు, బలం తగ్గదు. డోర్ల ఫ్రేములను, డోర్లు మూసి ఉంచి, అవే గీతల వెంట కోశాము. వెల్డింగ్ మిగ్‌తో, అంటే తీగను యంత్రమే అందించే పద్ధతిలో చేశారు. ఒకచోట చుక్క పెట్టి, చాలా దూరం జరిగి మరొకటి పెట్టి, చెయ్యి వేసినా కాలనంతగా చల్లారాక మళ్లీ మొదటి చోటికి రావాలి. గీత గీసినట్టు ఏకబిగిన లాగితే సన్నటి రేకు అలలుగా లేచిపోతుంది.

అద్దాల విషయం ముందే ఆలోచించనివారు చివరలో ఆగిపోతారు. టఫెన్డ్ అద్దాన్ని, అంటే వేడిచేసి గట్టిపరచినదానిని, కోయడం కుదరదు, గీత పడగానే మొత్తం గింజలుగా రాలిపోతుంది. రెండు అద్దాల నడుమ ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ అయితే రెండు వైపులా గీత గీసి, విరిచి, నడిమి పొరను బ్లేడుతో తెంచవచ్చు. అద్దం మూలన ఉన్న ముద్ర చూస్తే ఏ రకమో తెలుస్తుంది. ముందు అద్దానికి లామినేటెడ్‌ది తెచ్చి కోయించాను. పక్క అద్దాలకు అట్టతో నమూనాలు కత్తిరించి కొత్తవి చేయించాను. వెనుక అద్దాన్ని మాత్రం కోయకుండా, దాని చట్రాన్నే మరింత వాల్చి అమర్చాము.

రంగు వేయడానికి ముందు పైపుతో నీళ్లు కొట్టి చూస్తే, ముందు అద్దం రబ్బరు కుడి మూలన తడి కనిపించింది. రబ్బరు తీసి, అంచును సుత్తితో సరిచేసి, సీలెంట్ పూసి బిగించాక కారడం ఆగింది. రంగు పూర్తయింది, ఇక లోపలి పైకప్పు గుడ్డ కుట్టించాలి.