ముక్కలైనంత మాత్రాన మట్టిలో కలిసినట్టు కాదు

రాలిన ఆకు కొన్ని నెలల్లో మట్టిలో కలిసిపోతుంది. దాని పక్కనే పడిన పాలిథిన్ సంచి ఏళ్లు గడిచినా కలవదు. రెండింటిలోనూ ప్రధానంగా ఉన్నది కర్బనమే అయినా, ఆ పరమాణువులు ఒకదానితో ఒకటి ముడిపడిన తీరు వేరు. ఆకులోని సెల్యులోజ్ అంతా చక్కెర అణువుల గొలుసు, వాటిని కలిపే బంధాలను నీటి సాయంతో తెంచే ఎంజైములు శిలీంధ్రాలకు, బాక్టీరియాలకు కోట్ల సంవత్సరాల పరిణామంలో సమకూరాయి. పాలిథిన్‌లో అలా పట్టు దొరికే చోటు లేదు. పైగా అది నీటిని దరిచేరనివ్వదు. 1933లో ఇంగ్లండులో పారిశ్రామిక తయారీకి దారి దొరికిన ఈ పదార్థాన్ని జీర్ణించుకోవడం నేర్చుకునేందుకు సూక్ష్మజీవులకు వందేళ్ల వ్యవధి కూడా దొరకలేదు.

గాజు కూడా కుళ్లదు కదా అని కొందరు అడుగుతారు. నిజమే, కానీ గాజు పగిలితే దాదాపు ఇసుకలాంటి పదార్థమే మిగులుతుంది.

ప్లాస్టిక్ విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అది కనిపించకుండా పోయే తీరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పెళుసుబారి, గాలికీ అలలకూ చిట్లి, 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కలైనప్పుడు మనం వాటిని మైక్రోప్లాస్టిక్ అంటున్నాం. కంటికి ఆనకపోయినా చాలావరకు అది అదే పదార్థం. ముక్కలు కావడం వేరు, సూక్ష్మజీవులు తిని బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మార్చడం వేరు.

2016లో జపాన్ శాస్త్రవేత్తలు సకాయ్ నగరంలో, సీసాల రీసైక్లింగ్ కేంద్రం దగ్గర, పెట్ అనే సీసాల ప్లాస్టిక్‌ను తినే బాక్టీరియాను కనుగొన్నట్టు ప్రకటించారు. పెట్‌లో ఎంజైములు తెంచగల ఎస్టర్ బంధాలున్నాయి కాబట్టే అది సాధ్యమైంది. అయినా పలుచని పొరను తినడానికి దానికి 30 డిగ్రీల వేడిలో సుమారు ఆరు వారాలు పట్టింది. ఈ ఆవిష్కరణ నిజంగా గొప్పదే, కానీ దాన్ని చూపించి పాలిథిన్ గురించి నిశ్చింతగా ఉండమనడం సరికాదని నా అభిప్రాయం.

‘కంపోస్ట్ అవుతుంది’ అన్న ముద్రనూ ఇదే జాగ్రత్తతో చదవాలి. మొక్కల పిండిపదార్థం నుంచి తయారయ్యే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ త్వరగా విచ్ఛిన్నం కావాలంటే పారిశ్రామిక కంపోస్ట్ కేంద్రాల్లో ఉండే సుమారు 60 డిగ్రీల వేడి కావాలి. చల్లని సముద్రంలో అది ఏళ్ల తరబడి మిగులుతుంది. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 13432 ఆరు నెలల్లో 90 శాతం జీవవిచ్ఛిత్తి జరగాలంటుంది, అదీ అటువంటి కేంద్రాల పరిస్థితుల్లోనే. ఏ పరిస్థితుల్లో, ఎంత కాలంలో అన్న వివరం లేని సంచిని నేను మామూలు ప్లాస్టిక్‌గానే లెక్కవేస్తాను.