ఊతకర్రల మధ్య ఓ మధ్యాహ్నం

నేను పెరిగింది ప్రొటెస్టెంటు ఇంట్లో. యేసు ఉండగా మధ్యలో ఇంకొకరెందుకు అనే మాట చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. పెళ్లయింది మాత్రం కతోలికుల ఇంట్లో. కెనడాలోని మాంట్రియల్‌లో సెయింట్ జోసెఫ్ ఒరేటరీ అనే కతోలిక పుణ్యక్షేత్రానికి అత్తయ్యగారిని తీసుకెళ్లమని మా ఆయన అంటే, సరే, ఓ పెద్ద చర్చి చూసినట్టుంటుంది కదా అని బయల్దేరానే గానీ భక్తితో కాదు.

కింద నుంచి ముందుగా కనిపించేవి మెట్లు. మొత్తం 283. వాటిలో 99 చెక్క మెట్లు మోకాళ్ల మీద ఎక్కేవాళ్ల కోసమే వదిలేశారు. మేము వెళ్లేసరికి ఒకావిడ ఒక్కో మెట్టు మీద ఆగి, ఏదో గొణుక్కుని, పై మెట్టుకి జరుగుతోంది. రెండు మోకాళ్లకీ ఆపరేషనైన మా అత్తయ్య అటే చాలాసేపు చూసి, "లిఫ్ట్ ఎక్కడుందో కనుక్కో అమ్మాయ్" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

లోపల వరసలుగా కొవ్వొత్తులు, ఆ వేడి, మైనం వాసన. స్తంభాల మధ్య పైదాకా ఊతకర్రలు, బాగైపోయాం, ఇక వీటితో పనిలేదని జనం వదిలేసి వెళ్లినవి. ఒకదానికి చంక కింద ఆనే చోట చుట్టిన గుడ్డ చెమటకి నల్లబడి చిరుగులు పట్టి ఉంది. నాకు అద్భుతాల మీద సవాలక్ష సందేహాలున్నాయి, కానీ ఆ గుడ్డ దగ్గర మాత్రం నోరు మెదపలేదు. ఎవరో ఏళ్ల తరబడి దానిమీద బరువంతా మోపి నడిచారు కదా.

ఇంతకీ వీళ్లంతా వెతుక్కుంటూ వచ్చింది ఎవరి కోసమంటే, ఒక కాలేజీలో 40 ఏళ్లు తలుపు తీసిన కాపలాదారు కోసం. బ్రదర్ ఆండ్రే. పన్నెండేళ్లకే అమ్మానాన్నల్ని పోగొట్టుకున్నాడు, చదువు అంతంతమాత్రం, కడుపునొప్పి జీవితాంతం వదల్లేదు. రోగులొస్తే జోజప్పగారి (యేసు పెంపుడు తండ్రి సెయింట్ జోసెఫ్‌ని కతోలికులు అలా పిలుస్తారు) స్వరూపం ముందు వెలిగే దీపంలోని నూనె రాసుకోమని ఇచ్చేవాడు. నువ్వే బాగుచేశావంటే కోపం, చేసింది నేను కాదు జోజప్పగారు అనేవాడట. 1904లో ఇక్కడ కట్టిన చిన్న చాపెల్‌తోనే ఇదంతా మొదలైంది. 91 ఏళ్ల వయసులో 1937 జనవరి 6న పోయాడు, 2010లో పునీతుడిగా, అంటే సెయింటుగా, ప్రకటించారు. ఆయన గుండెని కూడా ఇక్కడే భద్రపరిచారు. 1973లో దాన్నెవరో ఎత్తుకుపోతే మరుసటి ఏడాది చివర్లో దొరికింది. (గుండెని ఎత్తుకుపోయి ఏం చేసుకుంటారో!)

"నేరుగా దేవుణ్ణే అడగొచ్చు కదా అత్తయ్యా?" అన్నాను, ఉండబట్టలేక.

"అడుగుతూనే ఉన్నా. నీకు జ్వరమొస్తే నువ్వు ప్రార్థన చేసుకుంటూనే మీ పాస్టరు గారికి ఫోన్ చెయ్యవూ? అలాగే ఇదీను."

పాస్టరు గారు బతికే ఉన్నారు కదా అనబోయి ఆగాను. ఆవిడ లెక్కలో ఆండ్రే కూడా దేవుడి దగ్గర బతికే ఉన్నాడు, మా వాదం ఎప్పుడూ తెగనిది అక్కడే. పైగా వీళ్లు పట్టుకున్నది ఏ మహారాజునో కాదు, కడుపునొప్పితో కుర్చీలో కూర్చుని తలుపు తీసినవాణ్ణి. నాకు నొప్పిగా ఉంది అని అలాంటివాడికి విడమరచి చెప్పక్కర్లేదు.

నల్లరాతి సమాధి మీద చెయ్యి ఆనించి అత్తయ్య పేర్లు చదవడం మొదలుపెట్టారు. ఆడపడుచు కొడుకు, పక్కింటావిడ, ఎవరెవరో. తన మోకాళ్ల ఊసే లేదు. మధ్యలో ఆగి నా వైపు తిరిగి, "మీ అమ్మకి డయాలసిస్ ఏయే రోజుల్లో?" అనడిగారు.

"మంగళ, గురు, శని."

రాయి మీద చెయ్యి తియ్యకుండానే ఆ మూడు రోజులూ ఒక్కొక్కటిగా చెప్పారు. మా అమ్మకి ఇంకా ఈ సంగతి చెప్పలేదు, చెబితే తిడుతుంది.