గోడ కింద వెలుతురు గీత

బల్ల మీద కట్టుకుంటున్న నా బొమ్మరైళ్ల లేఅవుట్‌కి (మోడల్ రైల్వేకి) మొదటి స్టేషన్ భవనం పూర్తయిన రోజు దాన్ని బల్ల మీద పెట్టి, ఫోన్‌ని పట్టాల ఎత్తుకి దించి ఒక ఫొటో తీశాను. గోడలు కుదిరాయి, కిటికీలు కుదిరాయి, పైకప్పు పెంకులు కూడా బాగా వచ్చాయి. కానీ గోడకీ నేలకీ మధ్య సన్నటి వెలుతురు గీత ఒకటి కనిపించింది. ఆ గీత వల్ల రెండు నెలల పని అట్టపెట్టె తెచ్చి పెట్టినట్టయింది. అది ఎలా పోయిందో, అక్కడికి చేరేలోపు ఏమేం పాడుచేసుకున్నానో రాస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి కొన్ని వారాలైనా కలిసొస్తాయి.

నాది హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87. అసలు మీటరు ఇక్కడ పదకొండున్నర మిల్లీమీటర్లు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద ఒక చుట్టు, ఒక లూప్ లైను (పక్కకి చీలి మళ్లీ కలిసే పట్టా), మూలన గుట్ట, దాని కింద సొరంగం. పట్టాలు వేసి, వైరింగ్ చేసి, నెల రోజులపాటు వట్టి బల్ల మీదే రైళ్లు నడిపాను. ఎక్కడెక్కడ పెట్టెలు పట్టాలు తప్పుతున్నాయో అప్పుడే తెలిసింది. కంకర అతికించేశాక పట్టా సరిచేయాలంటే ప్రాణం మీదకొస్తుంది.

గుట్టకి మొదట థర్మోకోల్ వాడాను. కోస్తే గింజలు గింజలుగా రాలి ఇల్లంతా అంటుకుంది. రంగు స్ప్రే కొడితే అందులోని ద్రావకానికి గుంటలు గుంటలుగా కరిగిపోయింది. దాన్ని తీసేసి, గింజ లేని గట్టి ఫోమ్ షీట్లు పొరలుగా అతికించి, పొడవాటి కట్టర్‌తో చెక్కాను. పైన ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో ముంచిన గాజుగుడ్డ ముక్కలు ఒకదాని మీద ఒకటి పరిచాను. రాళ్ల కోసం అల్యూమినియం ఫాయిల్‌ని నలిపి, సగం విప్పి, దాంట్లో ప్లాస్టర్ పోశాను. గట్టిపడ్డాక ఒలిస్తే పగుళ్లతో సహా బండరాయి ముఖం వచ్చింది.

ఆ సంబరంలో సొరంగం ద్వారం కొలవకుండా అతికించేశాను. ఇంజను వెళ్లింది. వెనకాల ప్రయాణికుల పెట్టె ద్వారం అంచుకి గీసుకుని ఆగిపోయింది. నా వంపు వ్యాసార్ధం 18 అంగుళాలు, పెట్టె పొడవు 30 సెంటీమీటర్లు. అంత పెట్టె అలాంటి వంపులో తిరిగేటప్పుడు నడుము సెంటీమీటరుకి పైగా లోపలికి వస్తుంది, కొసలు దాదాపు అంతే బయటికి పోతాయి. ద్వారాన్ని రంపంతో కోసి తీయాల్సొచ్చింది. రెండోసారి, ఉన్నవాటిలో పొడవైన పెట్టెకి నడుమ ఒక పెన్సిలు, కొసన ఒక పెన్సిలు మొన నేలకి తగిలేలా టేపుతో కట్టి చేత్తో తోశాను. నేల మీద పడ్డ ఆ రెండు గీతలకి బయట ఇంకో 5 మిల్లీమీటర్లు వదిలి ద్వారం నిలబెట్టాను. గుట్ట వెనక చెయ్యి దూరేంత కంత కూడా ఉంచాను, లోపల పెట్టె పడిపోతే తీయాలి కదా.

కంకర పని అందరూ విసుగంటారు, నాకు మాత్రం ఇష్టం. కంకర పొయ్యగానే అది రైలు కట్ట అయిపోతుంది. ముందు పట్టాల పక్కలకి తుప్పురంగు వేసి, పైభాగం వెంటనే తుడిచేశాను. కంకరలో అయస్కాంతం తిప్పి చూశాను. ఇనుప రేణువులుంటే ఇంజను మోటారు లాగేసుకుంటుంది. తర్వాత పొడి కంకర చల్లి, మెత్తటి బ్రష్షుతో స్లీపర్ల (పట్టాల కింది అడ్డదిమ్మల) మధ్యకి సర్దాను. స్లీపరు మీద ఒక్క గింజ మిగిలినా ఫొటోలో బండరాయిలా కనిపిస్తుంది.

మొదటి అడుగు పొడవున జిగురు నేరుగా పోశాను. చుక్క కంకరలోకి ఇంకలేదు, ముత్యంలా పైనే నిలబడి, గింజల్ని తనచుట్టూ లాక్కుని గుంట చేసింది. అదంతా తవ్వి తీసేశాను. అసలు చేయాల్సింది, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన నీళ్లని సన్నగా పిచికారీ చేసి ముందు కంకరని తడపడం. ఆ తర్వాత సగం తెల్ల జిగురు, సగం నీళ్లు కలిపి డ్రాపర్‌తో స్లీపర్ల మధ్య వదిలితే, జిగురు తనంతట తానే పాకుతూ పోతుంది. పాయింట్ల దగ్గర, అంటే ఒక పట్టా రెండుగా చీలే చోట, కదిలే పట్టాలకి జిగురు తగలనివ్వలేదు. అక్కడ కంకర సగమే వేశాను.

ఇక స్టేషన్. నా మనసులో ఉన్న భవనం 40 మీటర్లది. స్కేలులో 46 సెంటీమీటర్లు, నా బల్ల మీద చోటు 24. అన్నిటినీ కుదిస్తే తలుపు ముందు మనిషి బొమ్మ రాక్షసుడిలా కనిపిస్తుంది. అందుకే తలుపు 24 మిల్లీమీటర్లే ఉంచి, కిటికీల సంఖ్య తగ్గించాను. ముందు అట్టతో నమూనా కట్టి వారం రోజులు అక్కడే ఉంచి రైళ్లు నడిపాను. ప్లాట్‌ఫాం వైపు చూరు పెట్టెకి తగులుతోందని అలాగే తెలిసింది. తర్వాత 1 మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటుతో గోడలు కోసి, మూలల్ని ఏటవాలుగా రాకి, లోపల అడ్డపట్టీలు అతికించాను. ఎల్‌ఈడీ పెడితే గోడలే లాంతరులా వెలిగాయి. లోపలంతా నల్లరంగు పూశాక వెలుగు కిటికీల్లోంచి మాత్రమే వచ్చింది.

డబ్బాలోంచి తీసిన ఇటుకరంగు అలాగే వేస్తే బొమ్మ ఇల్లవుతుంది. మనం 87 వంతుల చిన్న వస్తువుని చూస్తున్నామంటే దూరంనుంచి చూస్తున్నట్టే, దూరాన రంగులు వెలుస్తాయి. కొంచెం బూడిదరంగు కలిపి వేశాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొన్ని చుక్కల నల్ల ఇంకు కలిపి పూస్తే ఇటుకల సందుల్లో నీడ దిగింది. కిటికీల కింద వాన చారలు సన్న బ్రష్షుతో పైనుంచి కిందికి లాగాను.

అన్నీ చేశాక తీసిన ఫొటోనే మొదట చెప్పింది. గోడలకి మట్టిరంగు పూసి చూశాను, గీత పోలేదు. ఓ సాయంత్రం పాత భవనాల ఫొటోలు ముందేసుకుని గోడ అడుగుభాగం మాత్రమే చూస్తూ కూర్చున్నాను. ఒక్క గోడ కూడా నేల మీద ఆగలేదు. అన్నీ నేలలోకి దిగిపోతున్నాయి, గోడ మొదలు దగ్గర మట్టి ఎగదన్ని ఉంది, చూరునీళ్లు పడే చోట చార ఉంది.

మర్నాడు స్టేషన్ కింది ఫోమ్‌ని భవనం ఆకారంలో 4 మిల్లీమీటర్లు తవ్వి, స్టేషన్‌ని ఆ గుంటలో దించాను. అతికించలేదు, బల్బు పోతే పైకి తీయాలి. గోడకి పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని చుట్టూ సన్నజల్లెడలో పట్టిన ఎండుమట్టిని జిగురునీళ్లతో పోసి, ఆరాక కవరు లాగేశాను. మట్టి గోడని ఒరుసుకుని నిలబడింది. చివరికి గడ్డి. జిగురు తడిగా ఉండగా అందులో గుండుసూది గుచ్చి, గడ్డి పోగులు చల్లే యంత్రం క్లిప్పు దానికి తగిలించి, యంత్రాన్ని పైన ఊపితే, విద్యుదావేశానికి పోగులు నిలువుగా వచ్చి నాటుకుంటాయి. 2 మిల్లీమీటర్ల ఎండురంగు పోగులు నేలంతా, 4 మిల్లీమీటర్ల పచ్చవి గోడ వారగా, చూరునీళ్లు పడే చోట ఇంకాస్త ఒత్తుగా.

ఫోన్‌ని మళ్లీ అదే చోట పెట్టాను. గోడ ఎక్కడ ఆగిందో, నేల ఎక్కడ మొదలైందో ఫొటోలో వేలు పెట్టి చూపించలేకపోయాను. గది దీపం ఆర్పేసి, స్టేషన్ దీపం వేసి, సాయంత్రపు బండిని సొరంగంలోంచి బయటికి రానిచ్చాను.