సున్నా కోసం పట్టీలు

ఖతార్ రాజధాని దోహాలో పెద్ద సైట్ల గేటు దగ్గర ఒక బోర్డు ఉంటుంది. ప్రమాదం వల్ల ఒక్క రోజు పని కూడా పోకుండా ఇన్ని లక్షల గంటలు గడిచాయని దాని మీద రాసి ఉంటుంది. దెబ్బ తగిలి మనిషి మర్నాడు డ్యూటీకి రాలేకపోతే మా సేఫ్టీవాళ్లం దాన్ని ఎల్‌టీఐ అంటాం. అది సున్నాగా ఉన్నంతకాలం ప్రాజెక్టు మేనేజరు నవ్వుతూ తిరుగుతాడు, క్లయింటు కేకు కోయిస్తాడు. ఆ సున్నా ఎలా నిలబడుతుందో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి వచ్చిన మనవాళ్లను అడగండి. చెయ్యి వాచినవాణ్ని క్యాంపులో పడుకోనివ్వరు. బస్సెక్కించి తెచ్చి టూల్‌రూములో కూర్చోబెడతారు. హాజరు పంచ్ పడింది కనక పని పోనట్టే. దాని పేరు లైట్ డ్యూటీ.

నేను హెల్పర్‌గా వచ్చి, తర్వాత నెబోష్ అనే సేఫ్టీ పరీక్ష పాసై సేఫ్టీ ఆఫీసర్‌నయ్యాను. ఈ లైనులో అందరికీ నోటికొచ్చిన పాఠం హైన్‌రిక్ త్రికోణం. 1931లో అమెరికాలో ఒక బీమా కంపెనీ ఉద్యోగి కట్టిన లెక్క అది: ఒక పెద్ద గాయం వెనక 29 చిన్న గాయాలు, తృటిలో తప్పినవి 300. ఆ నిష్పత్తి అన్ని పనులకూ కుదరదని చాలామంది అంటారు, నాకూ దాని మీద గురి లేదు. కానీ చిన్న దెబ్బలు రాసి పెట్టుకుంటే పెద్దది ఎటునుంచి రాబోతోందో కనిపిస్తుంది. అది మాత్రం కళ్లారా చూశాను.

ఒక నెలలో గ్రైండర్, అంటే డిస్కు తిరిగి కోసే చేతి మిషను, తగిలి తెగిన గాయాలు వరసగా వచ్చాయి. కోరుట్ల వైపు కుర్రాడొకడు బొటనవేలి మొదట్లో తెగి క్లినిక్‌కు వచ్చాడు. మలయాళీ నర్సు చూసి కుట్లు పడాలన్నాడు. వెనకాలే ఫోర్‌మన్ దిగాడు, కుట్లెందుకు, పట్టీ అతికించి పంపండని. అతని బాధ వేరు. మా కంపెనీ వాడేది అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా లెక్క. పట్టీతో సరిపెడితే అది ప్రథమ చికిత్స, రిపోర్టుకెక్కదు. కుట్టు పడిందా, వైద్యం కింద జమ, పైదాకా వెళ్తుంది. నర్సు అతని మాట వినిపించుకోకుండా కుట్లే వేశాడు. కుర్రాడేమో నా చెయ్యి పట్టుకున్నాడు. "రాయకన్నా. రాస్తె రూముల కూసోబెడ్తరు, ఓవర్‌టైం పోతది. చెల్లె పెండ్లి అప్పున్నది."

"నీ మీద రాస్తలేను తమ్మీ, గ్రైండర్ మీద రాస్తున్న" అన్నాను.

ఆ రాత్రి రిజిస్టర్‌లో ఉన్న చిన్న కోతలన్నీ తిరగేసి వేళ, చోటు, పనిముట్టు, గ్యాంగు ఒక ఎక్సెల్ షీటులో పెట్టాను. దాదాపు అన్నీ షట్టరింగ్ గ్యాంగువే, అన్నీ గార్డు (డిస్కు మీది రక్షణ తొడుగు) పీకేసిన గ్రైండర్లతోనే. ఎందుకు పీకారని కూపీ లాగితే స్టోరు దగ్గర తేలింది. నాలుగున్నర అంగుళాల డిస్కులు అయిపోయాయి, ఏడంగుళాలవి కుప్పగా పడి ఉన్నాయి. పెద్ద డిస్కు చిన్న మిషనుకు పట్టాలంటే గార్డు తీయాల్సిందే. పైగా చిన్న మిషను తిరిగే వేగానికి పెద్ద డిస్కు తట్టుకోదు, పగిలి ఎగిరితే కన్నే పోవచ్చు. మామూలుగానైతే పొద్దున పనికి ముందు పెట్టే సేఫ్టీ మీటింగు, టూల్‌బాక్స్ టాక్‌లో, హిందీలో నాలుగు కేకలు వేసి, అందరితో సంతకాలు పెట్టించి, ఫైలు మూసేసేవాళ్లు. ఈసారి డిస్కులు తెప్పించాం, గార్డు లేని మిషన్లను సైటు దాటించాం. ఆ కోతలు ఆగిపోయాయి. గ్లౌజులు వేసుకోమనే పోస్టర్ అయితే పాపం ఇప్పటికీ గోడ మీదే ఉంది.

దేశం మొత్తానికి ఇదే పని చేస్తే ఏమవుతుందో 2021లో తెలిసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇక్కడి ట్రామా కేంద్రం రికార్డులు కూడా తీసుకుని ఒక నివేదిక వేసింది. 2020లో ఖతార్‌లో పని ప్రమాదాల్లో 50 మంది పోయారు, 506 మంది తీవ్రంగా గాయపడ్డారు, ఓ మోస్తరు దెబ్బలు తిన్నవాళ్లు 37,600 మంది. ఎత్తు నుంచి పడటం, రోడ్డు ప్రమాదాలు, మీద వస్తువులు పడటం ముఖ్య కారణాలు. ఎక్కువమంది బంగ్లాదేశ్, ఇండియా, నేపాల్ వాళ్లే. నాకు ఆ అంకెల కన్నా వాటి పక్కన రాసిన మాట ముఖ్యమనిపించింది: ఏ సంస్థ లెక్క ఆ సంస్థ దగ్గరే ఉంది, అన్నీ ఒకచోట చేరాలి. ఆరోగ్యంగా కనిపించే పడుచు కార్మికులు "సహజ కారణాల"తో పోతే సరిగా విచారించాలని కూడా అందులో ఉంది. పెట్టెతో పాటు ఊరికి వచ్చే కాగితంలో గుండె ఆగిందని మాత్రమే ఉంటే, ఎండకు ఆగిందో దేనికి ఆగిందో ఇంటివాళ్లు ఎవరిని అడుగుతారు?

ఎండ విషయంలో లెక్క పనికొచ్చింది. 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు బయటి పని బంద్. వేడి, ఉక్క కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ మీటరు 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా ఆపాల్సిందే. రెడ్ క్రెసెంట్ (ఇక్కడి రెడ్‌క్రాస్ లాంటిది) నడిపే కార్మికుల క్లినిక్కులకు ఎండ వల్ల జబ్బుపడి వచ్చినవాళ్లు 2020లో 1,520 మంది, 2021లో 620, 2022లో 351. జాగ్రత్త పడమని చెప్పినందుకు తగ్గలేదు, పని వేళ మార్చినందుకు తగ్గింది.

కొత్తగా దిగినవాళ్లకు నేను తెలుగులోనే చెప్తాను. క్లినిక్ కాగితం మీద పనిలో తగిలిన దెబ్బ అని రాయించుకో, ఫొటో తీసి ఇంటికి వాట్సాప్ చెయ్యి. 2004 నాటి 14వ నంబరు లేబర్ చట్టం ప్రకారం వైద్యం ఖర్చు కంపెనీదే, చికిత్స సాగుతుంటే ఆరు నెలల దాకా పూర్తి జీతం ఇవ్వాలి. వాళ్లు తలూపుతారు. తర్వాత ఎవడో ఒకడు ఓటీ (ఓవర్‌టైం) సంగతి అడుగుతాడు. మా దగ్గర చికిత్స సాగే రోజుల్లో చేతికొచ్చేది బేసిక్ జీతం మాత్రమే, అప్పు కిస్తీ కట్టేది ఓటీతో. దెబ్బను ఫోర్‌మనే కాదు, తగిలినవాడు కూడా దాచుకునేది అందుకే. గాయపడ్డవాడికి సగటు ఓటీ కూడా కలిపి ఇవ్వండి, దాచడం తగ్గుతుందని మీటింగులో రెండుమూడుసార్లు పెట్టాను. బడ్జెట్ వచ్చాక చూద్దాం అన్నారు. బడ్జెట్ వచ్చింది, బోర్డుకు కొత్త పెయింటు వేయించారు.