క్వార్టర్ ఖాళీ చేస్తుంటే అంజీర్ చెట్టు కదల్లేదు

2022 మే మూడో వారం. సామానంతా ట్రాలీకి ఎక్కింది. బీరువా, మంచాలు, గ్యాస్ సిలిండర్, అత్తమ్మ ఇత్తడి బిందెలు, అన్నీ. పెరట్లో మిగిలింది అంజీర్ చెట్టు ఒక్కటే. 20 లీటర్ల పెయింట్ డబ్బాలో ఆరడుగులు పెరిగి, కొమ్మకొమ్మకీ కాయలతో నిలబడి ఉంది. మా ఆయన, పక్కింటి అబ్బాయి చెరోవైపు పట్టి ఎత్తబోయారు. డబ్బా అంగుళం కూడా లేవలేదు. ఇంకోసారి ఊపి చూశారు. అప్పుడు అత్తమ్మ కర్ర పక్కన పెట్టి, వంగి కిందకి చూసి, "ఇది డబ్బల లేదు బిడ్డా, భూమిల ఉన్నది" అంది.

మాది బల్లార్‌పూర్. చంద్రపూర్ జిల్లాలో, వార్ధా నది ఒడ్డున. మంచిర్యాల వైపు నుంచి గని పనికి, పేపర్ మిల్లు పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి, మాదీ వాటిలో ఒకటి. మా ఆయన ఆ ఏప్రిల్‌లో గని నుంచి రిటైరయ్యారు. క్వార్టర్ వదిలి, రెండు వీధుల అవతల ఒక ఇంటి పై పోర్షన్‌కి మారుతున్నాం. అంటే ఇక మట్టి నేల ఉండదు, చెట్టు బతికితే డబ్బాలోనే బతకాలి.

ఆ చెట్టు నేను కొన్నది కాదు. మా తమ్ముడు పుణెలో ఉంటాడు. అక్కడికి దగ్గరే సాస్వడ్, పురందర్ తాలూకాలోని ఊరు. పురందర్ అంజీర్ అంటే మహారాష్ట్ర అంతటా పేరు, 2016లో దానికి జీఐ (ఆ ప్రాంతపు పంటగా భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. తమ్ముడు తనకు తెలిసిన ఒక రైతు తోటలోంచి పెన్సిల్ లావు కొమ్మలు మూడు కోయించి, తడి పేపర్లో చుట్టి, 2019 జనవరిలో రైల్లో తెచ్చాడు. ఒక్కోటి జానెడు, నాలుగేసి కణుపులు. రెండు కణుపులు ఇసుకలోకి పోయేలా గుచ్చి నీడలో పెడితే రెండు బతికాయి. ఒకటి పక్కింటి కాకూకి (మరాఠీలో పిన్ని) ఇచ్చాను. నాది పెయింట్ డబ్బాలో పెట్టి, అడుగున బొటనవేలు పట్టేంత బొక్క ఒకటి కొట్టి, బట్టలు ఉతికే బండ పక్కన ఉంచాను. ఇక్కడ మే నెలలో 46, 47 డిగ్రీలు మామూలే. ఆ ఎండలోనూ నా చెట్టు ఆకు వాడేది కాదు. చేతి గుణం అనుకుని ఎంత మురిసిపోయానో.

చేతి గుణం కాదు. బొక్కలోంచి బయటికొచ్చిన వేరు పరిచిన బండల సందులోంచి దూరి, ఉతికే బండ కిందికి వెళ్లింది. బట్టలు ఉతికిన నీళ్లన్నీ అక్కడే ఇంకుతాయి. చెట్టు తాగుతున్నవి ఆ నీళ్లు, నేను పొద్దున్నే చెంబుతో పోసేవి కాదు.

ట్రాలీ వాడు హారన్ కొడుతున్నాడు. యాక్సా బ్లేడుతో ఆ వేరు కోశాం. నా బొటనవేలంత లావు. కోసిన చోట తెల్లటి పాలు బొటబొటా కారాయి. మణికట్టు మీద పడితే తుడుచుకుని ఎండలోనే పని చేసుకుంటూ పోయాను. రెండో రోజుకి అక్కడ కాలినట్టు బొబ్బలు. అంజీర్ పాలు పడ్డ చర్మానికి ఎండ తగిలితే అలాగే అవుతుందని తర్వాత తెలిసింది. మచ్చ పోవడానికి నెలలు పట్టింది. ఇప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోకుండా ఆ చెట్టు ముట్టుకోను.

కొత్త ఇంటికి చేరిన రెండు గంటలకే ఆకులు తడి గుడ్డల్లా వేలాడాయి. మర్నాటికి కాయలు మెత్తబడి ఒక్కోటీ రాలడం మొదలైంది. నేను కంగారుపడి పూటకో బకెట్ నీళ్లు పోశాను. తమ్ముడికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. వాడు ఆ సాస్వడ్ రైతుని అడిగి చెప్పాడు: "అక్కా, వేరు ఎంత పోయిందో పైన కొమ్మ కూడా అంత పోవాలట. కాయల మీద ఆశ వదులుకో. నీళ్లు తగ్గించు." ఆలోచిస్తే న్యాయమే. కింద తాగే నోళ్లు తెగిపోయాక పైన అన్ని ఆకులు ఆవిరి వదులుతుంటే చెట్టు ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆకుల్లేని చెట్టు నీళ్లు తాగదు కాబట్టి, నేను పోసే బకెట్లు మిగిలిన వేర్లని కుళ్లబెడతాయి.

అయినా మూడు రోజులు కత్తెర పట్టలేకపోయాను. మూడేళ్లు పెంచిన చెట్టు. నాలుగో రోజు పొద్దున్నే పచ్చికాయలు 27 తెంపేసి, మూడు కొమ్మలు మోకాలెత్తులో ఉంచి మిగతాది కోసేశాను. డబ్బాని మెట్ల కింద నీడలోకి జరిపి, చుట్టూ తడి గోనెసంచి కట్టాను. వేలు రెండు కణుపుల లోతుకి గుచ్చి చూడటం, పొడిగా తగిలితేనే నీళ్లు. వారానికోసారి బెరడు మీద గోటితో చిన్నగా గీకి చూసేదాన్ని. కింద పచ్చగా కనిపిస్తే ఆ రోజుకి టెన్షన్ తగ్గేది. జూన్ చివర్లో, నాలుగైదు వానలు పడ్డాక, మధ్య కొమ్మ మీద మినపగింజంత చిగురు కనిపించింది. అత్తమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాను.

వానాకాలంలో ఆకుల వెనక గోధుమ రంగు పొడి, తుప్పు తెగులు. ఆ ఆకులు ఏరి పారేసి, గాలి ఆడేలా జరిపి గట్టెక్కించాను.

అసలు పని 2023 జనవరిలో చేశాను. చలికి ఆకులు రాలి చెట్టు నిద్రలో ఉండే రోజులవి. వేర్లు కోయాలంటే అదే సమయం. మూడు రోజులు నీళ్లు ఆపి, పాత చీర పరిచి, డబ్బాని పడుకోబెట్టి, అంచు చుట్టూ పొడుగు కత్తి తిప్పాను. లాగితే మట్టి ముద్ద డబ్బా ఆకారంలోనే బయటికొచ్చింది. అడుగున వేర్లు గుండ్రంగా, బిందె కింద పెట్టే చుట్టకుదురులా పేనుకుపోయి ఉన్నాయి. పక్కల్లో కూడా డబ్బా గోడని అంటుకునే పాకాయి. ముద్దని రెండుగా విప్పి చూస్తే మధ్యలో ఒక్క వేరు కూడా లేదు! నల్లటి గడ్డ, ఇటుకలా గట్టిగా, పొడిగా.

అప్పుడు అర్థమైంది, తప్పు మొదట్లోనే జరిగింది. నేను నింపింది మా పొలాల నల్లరేగడి. అది ఎండితే ముడుచుకుని డబ్బా గోడ నుంచి విడిపోతుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి అడుగు బొక్కలోంచి వెళ్లిపోతాయి. మధ్యలో తడి లేకపోతే వేరు అంచుకే పోతుంది, అడుగుకే పోతుంది, చివరికి బొక్క దాటి బయటికే పోతుంది. పాపం, దాన్ని అలా తరిమింది నేనే.

అడుగు నుంచి రెండంగుళాలు జున్ను కోసినట్టు అడ్డంగా కోసేశాను. పక్కల అంగుళం. చుట్టలు తిరిగిన లావు వేర్లని అవి బయల్దేరిన చోట తెంచి, సన్నటి పీచు వేర్లని అలాగే ఉంచాను. అన్నీ కలిపి మూడో వంతు పోయింది. వేర్ల మీద పూసల్లాంటి ముడులు ఉన్నాయేమోనని ఒక్కోటీ వెతికాను. అంజీర్‌కి నులిపురుగుల బెడద ఎక్కువ. ఆ పురుగు పట్టిన వేరు ముడులు కడుతుంది. అదృష్టం, నాకు కనిపించలేదు. టమాటా, వంకాయ, బెండ పెంచిన కుండీల పాత మట్టిని మాత్రం అంజీర్‌కి వాడకండి, ఆ పురుగు అందులో ఉండొచ్చు.

కొత్త మట్టి: ఎర్రమట్టి ఒక పాలు, వర్మీ కంపోస్టు ఒక పాలు, ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు కలిపి ఒక పాలు, రెండు గుప్పిళ్లు వేప పిండి. పెద్ద డ్రమ్ము కొందామన్నారు మా ఆయన. వద్దన్నాను. వేర్లు తగ్గించిన చెట్టుని పెద్దదాంట్లో పెడితే వేరు అందుకోని మట్టి తడిగా ఉండిపోయి కుళ్లు పడుతుంది. పైగా వేరు కాస్త ఇరుకుగా ఉంటేనే అంజీర్ కాపుకొస్తుంది, లేకపోతే ఆకు మీదే బలం. మళ్లీ అదే డబ్బా. కాకపోతే అడుగు బొక్కకి లోపల కుండ పెంకు అడ్డం పెట్టి, అడుగుకి అంగుళం పైన చుట్టూ చిన్న బొక్కలు పన్నెండు పెట్టాను. కింద రెండు ఇటుకలు. వేరు కొస బొక్క దాకా వస్తే గాలి తగిలి అక్కడే ఎండి ఆగుతుంది, దాని వెనక నుంచి పక్క వేర్లు వేస్తుంది. బయట సున్నం రెండు పూతలు, ఎండకి డబ్బా లోపల వేర్లు ఉడకకుండా. గుడ్డ సంచుల్లో పెంచితే వేర్లు ఇంకా బాగుంటాయని అంటారు, నిజమే కావచ్చు. కోసిన కొమ్మతో ఒకటి అలా పెట్టాను కూడా. కానీ మా మే ఎండకి రోజుకి మూడుసార్లు నీళ్లు అడిగింది. ఊళ్లో లేని ఒక్క ఆదివారానికి పోయింది.

మార్చిలో ఆకులు. కొత్త కొమ్మ మీదే కాయ. వారానికోసారి పలచటి పేడ నీళ్లు తప్ప ఇంకేం వేయలేదు. మే నెలలో 11 కాయలు పండాయి. అంజీర్ తెంపాక పండదు. మెడ వంగి కాయ కిందికి వేలాడే దాకా ఆగాలి, ఆ లోపు బుల్‌బుల్ పిట్టలు రాకుండా పాత మస్లిన్ గుడ్డ సంచులు కట్టాలి. మొదటిది అత్తమ్మ చేతిలో పెడితే, రెండు చేతులతో విప్పి, ఎర్రటి పీచు లోపల మేడిపండులో లాగా పురుగులున్నాయేమోనని కిటికీ దగ్గర పెట్టి చూసింది. ఈ రకానికి పురుగు దూరకుండానే కాయ పండుతుందని చెప్పాను. తిని, ఇంకోటి అడిగింది.

2025 జనవరిలో మళ్లీ వేర్లు కోశాను. ఈసారి ముద్ద మధ్య దాకా పీచు వేర్లే, తెల్లగా. గంటలో పని అయిపోయింది. కాకూ వాళ్ల చెట్టు ఇంకా నేల మీద ఆనించిన డబ్బాలోనే ఉంది. ఈ చలికాలం దానికి ఇద్దరం కలిసి కత్తి పెడదామనుకున్నాం.

ఆదివారం పొద్దున బట్టలు ఆరేయడానికి వెళ్లినప్పుడు ఇటుకల మధ్యలోంచి చెయ్యి పెట్టి డబ్బా అడుగు తడుముతాను. మొన్న ఒకటి వేలికి తగిలింది, పెంకు పక్కనుంచి వెంట్రుకంత సన్నంగా. గోటితో గిల్లేసి బట్టలు ఆరేసుకున్నాను.